ఒకటికి కాలు, రెండుకి చెయ్యి

కాన్సస్ సిటీ,
మార్చి 7, 1949

మా ఇంటి గుట్టు జూక్‌బాక్స్‌కెక్కించిన మరిదికి,

నీ కొత్త రికార్డు వచ్చింది. మేం కొనలేదు, కొనాల్సిన అవసరమూ లేదు. మన చర్చికి ఎదురుగా ఉన్న ముసలి హాస్కిన్స్ బార్బెక్యూ మాంసం కొట్టులో, డబ్బులేస్తే పాడే జూక్‌బాక్స్‌లో పొద్దస్తమానం అదే మోగుతోంది. ఆయన వేరే శాఖ, బాప్టిస్టు. మన చప్పట్లకీ తంబురీన్లకీ ఇన్నేళ్ళుగా నిద్ర లేదని ఆయన గోల. ఇప్పుడు నీ పుణ్యమా అని కక్ష తీర్చుకుంటున్నాడు. నిన్న సరిగ్గా పాస్టరు గారు కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలెట్టగానే, కిటికీలోంచి నీ గొంతు:

"ఆదివారం పొద్దున్నే ఆర్డెలియా వదిన
పెనం వాయించుకుంటూ నా మంచం ముందుకి
దేవుడింకా లేవలేదు, లేచింది వదిన
నిద్ర నాది, మోత తనది, చెప్పుకోను ఎవరికి"

ఊళ్ళో ఇంకే ఆడదాని పేరూ దొరకలేదా నీకు? నేనున్నది క్వయర్‌లో పాడేవాళ్ళ ముందు వరసలో. నా వెనక పద్దెనిమిది మంది నవ్వు ఆపుకోలేక దగ్గుతున్నారు. టాలివర్ అమ్మగారు కూడా, ఎనభై దాటిన సంఘపు పెద్దమ్మ, విసనకర్ర మొహానికి అడ్డం పెట్టుకున్నారు. నవ్వారో ఏడ్చారో నాకు తెలియదు.

ఇంటికొచ్చి మీ అన్న మీద పడ్డాను. చూడండి మీ తమ్ముడు ఏం చేశాడో అన్నాను. రాస్కో సంగతి నీకు తెలుసుగా, మాంసం ఫ్యాక్టరీలో మాటలు కూడా కోసి ఐసులో పెట్టి వస్తాడు. "పెనం మాట నిజమేగా" అన్నాడు. ఆ రాత్రి ఆయనకి మాడిన రొట్టె పెట్టాను.

పాస్టరు గారు ఆరాధన అయ్యాక నన్ను గదిలోకి పిలిచారు. "దేవుడింకా లేవలేదు" అన్న ముక్క దగ్గర ఆయన మొహం కందగడ్డయింది. ఏవో అడిగారు, నేనూ ఏదో చెప్పాను. వదిలెయ్యి.

మెడకి ఉన్ని గుడ్డ చుట్టుకుంటున్నావా? తేనె తాగుతున్నావా? నీ మీద ప్రేమతో అడగడం లేదు. నిన్ను నా చేత్తో చంపేదాకా బతికుండాలని.

నీ వదిన,
ఆర్డెలియా


టల్సా,
మార్చి 16

పెనం మహారాణి గారికి,

వదినా, కాళ్ళకి దండం. చేతిలో పెనం లేనప్పుడు చదువు.

తప్పు నాది కాదు, మా బాండులో డ్రమ్ములు వాయించే పింక్నీది. ఆ పాట బస్సులో పుట్టింది. మా వాళ్ళెవరూ పాట కాగితం మీద రాసుకోరని నీకు తెలుసు. ఒకడు ఏదో ఈల వేస్తాడు, బూరలవాళ్ళు దాన్ని పట్టుకుంటారు, ఊరు వచ్చేసరికి పాట తయారు. కానీ పింక్నీ ఎంత వాయించినా, తాళంలో నాలుగు దెబ్బలుంటే ఒకటి మీదే బాదుతున్నాడు, పెళ్ళి ఊరేగింపులా. మైకు లేకుండా ఏడు వాయిద్యాల మీద అరవాల్సిన వాణ్ణి నేను. నా వెనక ఊరేగింపు నడిస్తే ఎక్కడ ఎగరను? అప్పుడు మన ఇల్లు గుర్తొచ్చింది. ఆదివారం నువ్వు గరిటె పట్టుకుని పెనం మీద కొట్టేదీ, చర్చిలో కొట్టేదీ ఒకటే కదా. ఒకటికి కాలు, రెండుకి చెయ్యి. మూడుకి కాలు, నాలుగుకి చెయ్యి. సోడా సీసా మీద చెంచాతో చూపించాను. "ఇదెక్కడిదిరా?" అన్నాడు. "మా వదిన వంటింటిది" అన్నాను. అంతే, నువ్వు పాటలోకి నడిచొచ్చేశావు. నేను పిలవలేదు.

ఇప్పుడు జనం ఆ దెబ్బ దగ్గర ఎలా ఎగురుతున్నారో చూడాలి నువ్వు. నిన్న ఒకాయన కట్టుడు పళ్ళు ఎగిరి పడ్డాయి. ఆయన వెతుక్కోలేదు కూడా, పాట అయ్యాక చూసుకుంటాలే అన్నాడు.

అసలు సంగతి. మా వృత్తిలో ఆనవాయితీ ఒకటుంది. మగాడు ఎకసెక్కంగా పాడితే, ఆడది దానికి జవాబు రికార్డు పాడాలి. లేకపోతే ఓడిపోయినట్టు. షికాగోలో రికార్డు కంపెనీ ఆయన జవాబుకి మనిషిని వెతుకుతున్నాడు. ఎవరెవరో వచ్చారు. ఒకామె మరీ ముద్దుగా పాడింది, ఆమె పెనం వాయిస్తే దాని మీది ఈగ కూడా లేవదు. ఆ జవాబుకి తగ్గ గొంతు ఎవరిదో నాకు తెలుసు. నువ్వే రావాలి.

ఈస్టర్‌కి మన ఆరాధన రేడియోలో వేస్తారుగా. ఎక్కడున్నా చెవి పెట్టి వింటాను.

నీ గారాల మరిది,
వెర్డెల్


కాన్సస్ సిటీ,
మార్చి 29

సిగ్గులేని మరిదికి,

నేను దేవుడికి తప్ప ఎవరికీ పాడను. నీ షికాగో వాళ్ళకి ఆ మాట చెప్పు. సారా కొట్టుల్లో నా గొంతు మోగడమా? మా అమ్మ సమాధిలోంచి లేచొచ్చి నా చెవి మెలేస్తుంది.

పైగా నీ పాటలో అన్నీ అబద్ధాలు. పెనం ఎందుకు వాయించేదాన్నో చెప్పావా? నువ్వు ఎన్ని గంటలకి ఇల్లు చేరేవాడివో చెప్పావా? మీ అన్న తలుపు తీసి నిన్ను దొంగచాటుగా లోపలికి లాగడం నాకు వినపడలేదనుకున్నావా? నేను పాడను గానీ, పాడేదాన్నయితే ఇలా పాడేదాన్ని:

"శనివారం రాత్రంతా ఎక్కడున్నావో చెప్పు
చెప్పులు చేతబట్టి దొంగల్లే వచ్చినోడా
నా పెనం మోత నీకు గట్టిగా వినబడితే
నిన్నటి మత్తింకా దిగలేదు మరిదీ"

పాడనని మళ్ళీ చెబుతున్నాను. గిన్నెలు కడుగుతుంటే వచ్చింది, అంతే. రాస్కో వంటింటి గుమ్మంలో నిలబడి విన్నాడు. "ఇంకో చరణం ఉందా?" అన్నాడు. ఉంది. నీకు పంపను.

క్వయర్ ఈస్టర్‌కి తయారవుతోంది. అందరూ బాగున్నారు. మీ అన్నకి మోకాలు నొప్పి.

ఆర్డెలియా


హ్యూస్టన్,
ఏప్రిల్ 19

ఈస్టర్ కోకిలకి,

వదినా, నల్లవాళ్ళని హోటళ్ళలోకి రానివ్వరుగా, ఇక్కడ మనవాళ్ళకి గది ఇచ్చే ఇల్లుగలామె దగ్గర మంచి రేడియో ఉంది. ఆమెని బతిమాలి ఆదివారం సాయంత్రం కాన్సస్ సిటీ పట్టించాను. గరగరల మధ్య మన క్వయర్ వినపడగానే ఒళ్ళు జలదరించింది. ఇల్లుగలామె ఏడ్చింది. పాట బాగుంది.

చప్పట్లు మాత్రం ఏమిటి వదినా? సిపాయిలు కవాతు చేస్తున్నట్టు, ఒకటి మీదే దబ్బుదబ్బున. మా పింక్నీయే అక్కడ చేరాడేమోనని పక్క మంచం వైపు చూశాను, గురక పెడుతున్నాడు. నువ్వున్న చోట అలా పడవే! జలుబు చేసిందా నీకు? చేతులకి కూడా జలుబు చేస్తుందా?

ఇక్కడ అంతా బ్రహ్మాండం. హాలు కిక్కిరిసిపోయింది. కొత్త రికార్డు వస్తోంది, విను. మా బూరలవాళ్ళలో క్లైడ్ శాక్సాఫోన్ ఇరగదీశాడు. నేల మీద వెల్లకిలా పడుకుని, కాళ్ళు గాల్లో ఆడిస్తూ వాయిస్తున్నాడు. జనం నన్ను మరిచిపోయి వాణ్ణే చూస్తున్నారు. పోనీలే పాపం, పెళ్ళి కావాల్సిన కుర్రాడు.

రెండో చరణం పంపవా?

వెర్డెల్


కాన్సస్ సిటీ,
మే 11

వెర్డెల్,

ఈస్టర్‌కి జలుబే చేసింది. ఆ సంగతి వదిలెయ్యి.

నీ కొత్త రికార్డు విన్నాం. శుక్రవారం మీ అన్నా నేనూ హాస్కిన్స్ కొట్టుకి వెళ్ళాం. ఆయన మా కోసమే వేశాడు. కొట్టులో అందరూ శాక్సాఫోన్‌కి ఊగిపోతున్నారు. కొత్త ఫ్యాషన్ అంటున్నారు. గోడలు పగిలిపోయేలా ఒకటే స్వరం పట్టుకుని అరిపించాడు నీ క్లైడ్.

నేను శాక్సాఫోన్ వినలేదు. నిన్ను విన్నాను. మొదటి చరణం పాడావు. రెండో చరణంలో సగం మాట్లాడావు. ఎప్పుడూ ఇంటి కప్పు లేపేసే చోట నోరు మూసుకుని, మిగతాదంతా క్లైడ్‌కి ఇచ్చేశావు. చిలగడదుంప తీపి రొట్టెలో అంచు ముక్క కూడా సొంత అన్నకి పెట్టనివాడివి నువ్వు. పాటలో అంత చోటు ఇంకొకడికి వదులుతావా? నమ్మమంటావా నన్ను?

రాస్కో ఎముక నోట్లోంచి తీసి పళ్ళెంలో పెట్టేశాడు. "వాడికి గొంతు లేదు" అన్నాడు. ఆ తర్వాత తినలేదు. బార్బెక్యూ ముందు మీ అన్న తినకపోవడం నేను పెళ్ళయ్యాక ఎప్పుడూ చూడలేదు.

వేళాకోళాలు తర్వాత. నిజం రాయి.

ఆర్డెలియా


న్యూ ఆర్లియన్స్,
మే 20

వదినా,

నీ చెవులకీ దండం పెట్టాలి.

గొంతులో గడ్డలు వచ్చాయి. బఠాణీ గింజలంత ఉంటాయట. మార్చిలోనే మొదలైంది. రక్తం పడితే కూడా నీకు తెలియకుండా తేనె తాగాను. ఇక్కడి డాక్టరు నోరు తెరిపించి చూసి, "పాడటం ఆపు. మాట్లాడటం కూడా ఆపు" అన్నాడు. ఎన్నాళ్ళన్నాను. "ఎన్నాళ్ళని అడగడం కూడా ఆపు" అన్నాడు. మంచి చమత్కారం గల మనిషి, నువ్వు ఉంటే నీకు నచ్చేవాడు.

ఇప్పుడు పలక మీద రాసి చూపిస్తున్నాను. పింక్నీకి చదువు రాదు, వాడితో పోట్లాడటం కుదరడం లేదు. నవ్వొస్తోందా? నాకూ మొదట్లో వచ్చింది. రాత్రి మాత్రం భయమేస్తోంది. అరవడం తప్ప నాకు ఇంకేదీ రాదు వదినా. అది పోతే నేనెవరిని?

బాండు నా గొంతు మీదే నిలబడింది. ఆ జవాబు రికార్డు వస్తే, అది పట్టుకుని పాడే మనిషి దొరికితే, బాండు నిలబడుతుంది. లేదంటే అందరూ తలో దారి. ఇది చెప్పి నిన్ను రమ్మనడం లేదు. నువ్వడిగావని నిజం రాశాను.

ఇప్పుడు నీ వంతు. ఈస్టర్‌కి జలుబు చేస్తే, జ్వరంతోనైనా మంచం దిగి ముందు వరసలో నిలబడే మనిషివి. ఆ ఆదివారం క్వయర్‌లో నువ్వు లేవు. నాకు అప్పుడే తెలుసు. నువ్వు చెప్పేదాకా ఆగుదామనుకున్నాను.

వెర్డెల్


కాన్సస్ సిటీ,
జూన్ 2

పిచ్చి మరిదికి,

నువ్వెవరివా? మంచం కింద చెప్పులు దాచుకునే నా మరిదివి. దానికి గొంతు అక్కర్లేదు.

సరే, నిజం. నీ పాట మోగిన ఆదివారం నుంచీ నన్ను కూర్చోబెట్టారు. వెనక బెంచీ. క్వయర్ లేదు, పాట లేదు, చప్పట్లకి చెయ్యి కూడా కలపకూడదు. ఇదివరకు ఒకామెని పేకాట ఆడిందని కూర్చోబెడితే, నేనే జాలిపడి కేకు తీసుకెళ్ళాను. నాకు మాత్రం ఎవరూ కేకు తేలేదు.

పాస్టరు గారు అడిగింది ఒక్కటే. సంఘం ముందు నిలబడి, ఆ పాట పాడినవాడితో నాకూ మా ఇంటికీ సంబంధం లేదని చెప్పాలి. అంతే, తిరిగి ముందు వరస. "ఒక్క మాటమ్మా" అన్నారు. నువ్వు నా మరిదివి కాదని నా పెళ్ళయిన రోజు నుంచీ చెప్పాలని ఉంది, దేవుడు సాక్షి. కానీ వేరేవాళ్ళు చెప్పమనేసరికి చెప్పబుద్ధి కాలేదు. నిన్ను తిట్టే హక్కు నాది. ఇంకొకరికి ఇవ్వను.

పాడకుండా ఉండటం ఎలా ఉంటుందో నీకు ఇప్పుడు తెలిసింది. నాకూ తెలుసు. పాట మొదలవగానే చేతులు వాటంతటవే లేస్తాయి. తొడల కింద పెట్టుకుని కూర్చుంటున్నాను.

నిన్న రాస్కోతో అన్నాను, షికాగో వెళ్ళి పాడితే ఇక చర్చి తలుపు శాశ్వతంగా మూసుకుంటుందేమోనని. భోజనం ముగించి, చేతులు కడుక్కుని, పెనం తీసి కాగితంలో చుట్టి తాడు కట్టాడు. అదీ మీ అన్న జవాబు.

కాబట్టి షికాగో వెళ్తున్నాను. నువ్వు మాత్రం ఇక్కడికి వచ్చెయ్యి. మీ అన్న వండినవి తిను, నోరు ఎలాగూ తెరవకూడదు కాబట్టి వంకలు పెట్టలేవు. ఆదివారం నా బెంచీ మీద కూర్చో. అది ఖాళీగా ఉంటే పాస్టరు గారు గెలిచినట్టవుతుంది. చప్పట్లు కొట్టొద్దని నన్నన్నారు, నిన్ను అనలేదు.

ఆర్డెలియా


షికాగో,
జులై 3

మూగ మరిదికి,

పాడేశాను.

గదినిండా తీగలు. గాజు వెనక కూర్చుని రికార్డు చేసే కుర్రాడు నన్ను మైకుకి ఒక అడుగు దూరం జరగమన్నాడు. పాడాను. ఇంకో అడుగన్నాడు. అలా జరుగుతూ జరుగుతూ తలుపు దగ్గరికి చేరాను. క్లైడ్ "ఇంక వీధిలోంచి పాడండి వదినగారూ" అన్నాడు. అందరూ నన్ను వదినగారూ అంటున్నారు. నీ బాండు కాదు, అత్తవారిల్లు.

పింక్నీ ఇంకా ఒకటి మీదే బాదుతున్నాడు. నువ్వు ఇన్నాళ్ళూ ఏం నేర్పావు? అందరి చేతా బూట్లు విప్పించాను. ఒకటికి కాలు, రెండుకి చెయ్యి, వాయిద్యాలు ముట్టుకోకుండా నా వెనక గుండ్రంగా తిరగండన్నాను, మన చర్చిలో పిల్లలకి నేర్పినట్టు. కంపెనీ ఆయన గడియారం చూసుకుంటున్నాడు. నాలుగో చుట్టులో పింక్నీ మొహం వెలిగింది. "కాలు నేలని అడుగుతుంది, చెయ్యి జవాబు చెబుతుంది" అన్నాడు. అదే రా అబ్బాయ్ అన్నాను. పెనం రాస్కో కట్టిన తాడుతోనే వేలాడదీసి కొట్టాను, చేత్తో పట్టుకుంటే మోగదు.

రెండో చరణం దగ్గర నాకు ఏడుపొచ్చింది. మార్చి నుంచీ బిగబట్టినదంతా అక్కడ బయటికొచ్చింది. ఆపి మళ్ళీ పాడతానన్నాను. "అదే ఉంచుదాం" అన్నారు.

నీ బదులు రెండు డాన్సు హాళ్ళలో పాడాను. మోకాళ్ళ కిందకి గౌను, తల మీద టోపీ, చర్చికి వెళ్ళినట్టే వెళ్ళాను. ఆడవాళ్ళంతా కుర్చీలెక్కి "వాడికి జవాబు చెప్పు!" అని అరిచారు. చెప్పాను. తప్పు చేస్తున్నట్టు అనిపిస్తుందని ఎంతో ఎదురు చూశాను. అనిపించలేదు. దేవుడికి పాడేటప్పుడు ఎక్కడి నుంచి వస్తుందో అక్కడి నుంచే వచ్చింది.

ఎక్కువ ఊహించుకోకు. నిన్ను బాగా తిట్టాను కాబట్టి సంతోషంగా ఉంది.

ఆర్డెలియా


కాన్సస్ సిటీ,
జులై 25

గెలిచిన వదినకి,

నిన్న జరిగింది వరసగా రాస్తాను. అన్నయ్య పక్కనే కూర్చుని "అది రాశావా, ఇది రాశావా" అంటున్నాడు. నువ్వు వెళ్ళాక ఆయన ఇన్ని మాటలు మాట్లాడటం నేను మొదటిసారి వింటున్నాను. ఇంట్లో ఇద్దరు మూగవాళ్ళు ఉంటే బాగుండదని కాబోలు.

వచ్చినప్పటి నుంచీ నీ బెంచీ మీదే కూర్చుంటున్నాను. అందరూ ముందుకి తిరిగి కూర్చుంటారు, నావైపు చూడరు. నిన్న ఎండ మండిపోతోంది, కిటికీలన్నీ బార్లా తెరిచారు. క్వయర్ పాట మొదలెట్టింది. మళ్ళీ అదే కవాతు. ఇంతలో కొట్టులో ముసలి హాస్కిన్స్ నీ రికార్డు పెట్టాడు.

"శనివారం రాత్రంతా ఎక్కడున్నావో చెప్పు." వదినా, నీ గొంతు వీధి దాటి వచ్చి చర్చి నడిమధ్య నిలబడింది. పెనం ఒక్కో దెబ్బా నా వీపు మీద పడ్డట్టే ఉంది. పాస్టరు గారు "కిటికీలు ముయ్యండి" అన్నారు. ఆ ఎండలో! ఎవరూ కదల్లేదు. మళ్ళీ అన్నారు.

అప్పుడు టాలివర్ అమ్మగారు లేచారు. ముందు వరసలో తెల్ల గౌన్లలో కూర్చునే పెద్దమ్మలందరిలోకీ పెద్దది ఆవిడే కదా, మూయడానికి వెళ్తున్నారనుకున్నాం. కర్ర పొడుచుకుంటూ కిటికీ దాటేశారు. ఒక్కో బెంచీ దాటుకుంటూ చివరి దాకా వచ్చి, నా ముందు ఆగారు.

"ఆర్డెలియాయే కదూ ఆ పాడేది?" అన్నారు.

తల ఊపాను.

"ఆ దెబ్బ మా అమ్మ పొలంలో కొట్టేది. మా ఆర్డెలియాకి నేనే నేర్పా. ముందు కూచుంటే నాకు ఇది సరిగా వినపడ్డంలా. జరుగు బాబూ" అన్నారు.

జరిగాను. కూర్చున్నారు. నీ పెనం రెండు అనే చోట, ఆవిడ కర్ర వదిలేసి చప్పట్లు కలిపారు. నేనూ కలిపాను. ఇంకొక పెద్దమ్మ లేచారు. తర్వాత ఇంకొకరు. తెల్ల గౌన్లన్నీ ఒక్కొక్కటే వెనక్కి నడిచొచ్చాయి. బెంచీ నిండిపోతే కుర్చీలు లాక్కున్నారు. నేను గోడకి అతుక్కుపోయాను, సగం ఒక పెద్దమ్మ ఒళ్ళో ఉన్నాను. పాస్టరు గారి ముందు ఖాళీ వరస. రికార్డు అయిపోయింది, చప్పట్లు అయిపోలేదు. క్వయర్ ఏం చెయ్యాలో తెలియక, చివరికి ఆ చప్పట్ల మీదే తమ పాట అందుకుంది. ఆ పాట అలా లేవడం మార్చి తర్వాత ఇదే మొదటిసారట.

పాస్టరు గారు మంచి మనిషే వదినా, మొండివాడు గానీ. చివరికి బైబిలు మూసి, అంత దూరం నుంచి నన్నడిగారు, "సిస్టర్ ఆర్డెలియా ఎప్పుడొస్తున్నారు?"

నాకు మాట రాదుగా. పలక ఇంట్లో మరిచిపోయాను. టాలివర్ అమ్మగారే జవాబు చెప్పారు. "ఆమె వచ్చి ఎవరి ముందూ ఏమీ చెప్పదు. పాడుతుంది, అంతే."

ఆయన తల ఊపారు.

డాక్టరు సంగతి కూడా రాయమంటున్నాడు అన్నయ్య. గడ్డలు తగ్గాయి. మాట వస్తుందట. ఆ అరుపు మాత్రం రాదు. అది విని రెండు రోజులు మంచం దిగలేదు. మూడో రోజు ఆదివారం. పెనం నీ దగ్గరే ఉందిగా, అన్నయ్య సాస్‌పాన్ గిన్నె పట్టుకొచ్చి నా తల దగ్గర వాయించాడు. ఒకటి మీదే కొట్టాడు. భరించలేక లేచి కూర్చున్నాను.

వెర్డెల్


షికాగో,
జులై 29

మరిదికి,

నీ ఉత్తరం బాండు అందరికీ చదివి వినిపించాను. పింక్నీ వెక్కి వెక్కి ఏడ్చాడు.

అరుపు రాదన్న మాట దగ్గర నేనూ ఏడ్చాను. నీకు పాటలు కట్టడం వచ్చు, నాకు పాడటం వచ్చు. నన్ను తిట్టే పాటలు నువ్వు కట్టు, నిన్ను తిట్టే పాటలు నేను పాడతాను. ఇద్దరికీ చాలినన్ని తిట్లు మన దగ్గర ఉన్నాయి.

వచ్చే శనివారం రైలు దిగుతాను. మీ అన్నని సాస్‌పాన్ ముట్టుకోవద్దని చెప్పు. ఆదివారం పొద్దున్నే పెనం మోగుతుంది, చెప్పులు ఎక్కడ దాచినా లేపుతాను. ముందు వరస నాకు అక్కర్లేదు. వెనక బెంచీ మీద టాలివర్ అమ్మగారికి ఇటువైపు నాకు చోటుంచు. నువ్వు నా పక్కన కూర్చుని ఒకటికి కాలు వెయ్యి. రెండు సంగతి నేను చూసుకుంటాను.

నీ వదిన